తాడు మీ ఇంట్లో, చేద మా ఇంట్లో

భవానీపురం, విజయవాడ
9 మార్చి 2025, ఆదివారం

ఆరేళ్ళుగా నాతో మాట్లాడని ఉషశ్రీకి,

మొన్న శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నరకు వలీపాలెంలో మన బావిని పూడ్చడానికి పొక్లెయిన్ వచ్చింది. పూడ్చలేకపోయింది. ముందు ఆ సంగతి చెప్పేశాను కనుక ఇప్పుడు మర్యాదగా అడుగుతాను: గన్నవరంలో నువ్వూ, మీవారూ, పిల్లలూ క్షేమమేనా? ఇక్కడ నేనూ, ఊళ్ళో మా అమ్మా బాగానే ఉన్నాం. రంజాన్ నెల కదా, పగలంతా అమ్మకి మాటలు తక్కువ, కోపం ఎక్కువ. నీకు తెలియనిది కాదు.

ఫోన్లో నన్ను బ్లాక్ చేశావు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. ఉత్తరాన్ని చింపేయొచ్చు. కానీ చింపేలోపు మొదటి రెండు లైన్లు కంటపడతాయి. అసలు విషయం అక్కడే పెట్టడం నా వృత్తి.

జరిగింది ఇది. చల్లపల్లి వైపు రోడ్డు వెడల్పు చేస్తున్నారు. మన బావి చప్టా సగం ఆ వెడల్పులోకి వస్తుంది. బావి వాడుకలో ఉంటే రోడ్డు కాస్త పక్కకి జరపాలి, లేకపోతే పూడ్చేయవచ్చు. జనవరిలో సర్వేకి వచ్చిన కుర్రాడు 'వాడుకదారులు లేరు' అని ట్యాబ్‌లో ఎక్కించుకుని వెళ్ళాడు. అతను అబద్ధం రాయలేదు. మనవాళ్ళు చెప్పిందే రాశాడు.

ముందు మీ ఇంటికి వెళ్ళాడట. ఈ బావి నీళ్ళు మీరు వాడతారా అండీ అని అడిగితే, మీ అమ్మగారు "అబ్బే, మాకెందుకు బాబూ, అవి ఆమినాబీ వాళ్ళవి" అన్నారు. మా ఇంటికొచ్చాడు. మా అమ్మ "మావి కాదు నాయనా, రావమ్మగారి వాళ్ళవి" అంది. బావికి అవతల ఉండే శౌరమ్మ దగ్గరికి వెళ్తే, "మాకేం హక్కుందయ్యా, వాళ్ళిద్దరివీనూ" అందట. ముగ్గురూ ఆ పొద్దున తోడిన నీళ్ళతోనే అతనికి మజ్జిగ కలిపి ఇచ్చారు. అతను తాగి, మూతి తుడుచుకుని, వాడుకదారులు లేరని నొక్కాడు.

నువ్వు ఇప్పుడు నవ్వుతూ ఉంటే నాకు తెలుసు ఎందుకో. మన బావి దగ్గర 'మా నీళ్ళు' అనే మాట ఎవరి నోటి నుంచీ రాదు. తోడిన మొదటి చేద తోడినవాళ్ళది కాదు, పక్కింటివాళ్ళ బిందెలో పోయాలి. తాడు మీ ఇంట్లో, చేద మా ఇంట్లో. ఒక ఇంటివాళ్ళు ఒంటరిగా తోడుకోవడానికే వీల్లేదు. ఈ పద్ధతి ఎవరు పెట్టారని అడిగితే మా అమ్మ ఒకటి చెబుతుంది, మీ అమ్మగారు ఇంకొకటి చెబుతారు. బందరు నుంచి నడిచొచ్చిన వలీ బాబాకి ఊళ్ళో ఏ ఇంటి నీళ్ళూ మింగుడు పడలేదనీ, దూరం నుంచి మోసుకొచ్చిన తియ్యనీళ్ళు తన పిల్లలకి పోయకముందే ఒకావిడ ఆయనకి పోసిందనీ, ఒలికిన చోటే తవ్వమన్నాడనీ మా అమ్మ కథ. మీ అమ్మగారి కథలో వలీ బాబా స్థానంలో గంగమ్మ ఉంటుంది, మిగతాదంతా అదే. రెండింటికీ ఆధారం లేదు. ఆధారం ఉన్నది ఒక్కటే: చుట్టుపక్కల బోర్లన్నీ ఉప్పు, ఇది తీపి. డెబ్భై ఏడు ఉప్పెనలో సముద్రం ఊరి మీదికొచ్చి బావులన్నీ చెడిపోతే, అందరూ కలిసి దీన్ని తోడి పోశారు. ముందుగా తేరుకుంది ఇదే. ఆ తోడినవాళ్ళలో మా అమ్మా ఉంది, మీ అమ్మగారూ ఉన్నారు. ఇద్దర్నీ విడివిడిగా అడిగాను. ఇద్దరూ ఒకటే చెప్పారు, ఎదుటి ఆవిడే ఎక్కువ తోడిందని.

మన సంగతి గుర్తుందా? సొంతంగా తోడిన మొదటి చేద తనే తాగితే నోట్లో ఉప్పవుతుందని శౌరమ్మ భయపెట్టేది. మూడో తరగతి వేసవి సెలవుల్లో, మధ్యాహ్నం అందరూ నిద్రపోతుంటే నువ్వు తాడు ఎత్తుకొచ్చావు, నేను చేద తెచ్చాను. నువ్వు తోడి, దోసిట్లో తాగి, తూ అని ఉమ్మేసి, ఉప్పే అన్నావు. నేను తాగాను. తియ్యగా ఉంది. అబద్ధాలకోరని నన్ను నువ్వు, పిరికిదానివని నిన్ను నేను తిట్టి, జుట్లు పట్టుకున్నాం. నా మాట మీద నేను ఇప్పటికీ ఉన్నాను. ఆ నీళ్ళు తియ్యగానే ఉన్నాయి. ఆ బావి ఎవరినీ శిక్షించదు. భయంతో పాటించిన పద్ధతైతే ఎప్పుడో పోయేది. మనవాళ్ళు కావాలని పాటించారు, అందుకే ఇన్నాళ్ళు నిలబడింది.

ఇక నువ్వు చదవడానికి ఇష్టపడని పేరా. మీ నాన్నగారి చేపల చెరువు గట్టు మురుగు కాలవలోకి జరిగిందని ఆరేళ్ళ కిందట నేను పేపర్లో రాశాను. పేరుతో సహా రాశాను. "మా ఇంట్లో అన్నం తిన్నదానివి" అన్నావు. తిన్నాను. అందుకే అచ్చుకి వెళ్ళేముందు ఆయన్నే అడిగాను, ఆయన చెప్పింది కూడా అదే వార్తలో వేశాను. ఆ ఏడు కాలవ పొంగి శౌరమ్మ ఇంట్లో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. ఆ వార్తలో ఒక్క అక్షరం కూడా వెనక్కి తీసుకోను. ఈ ఉత్తరం రాజీ కోసం కాదు. నాతో మాట్లాడక్కర్లేదు. వచ్చి తాడు పట్టుకో, చాలు.

మనం విడిపోయినా వాళ్ళిద్దరూ విడిపోలేదు, ఉషా. ఆ వార్త వచ్చిన మర్నాడు కూడా మీ అమ్మగారు తాడు తెచ్చి చప్టా మీద పెట్టి, "ఏం ఆమినా, చేద ఇవ్వాళ తేవా, పేపర్లో వేయాలా?" అని అరిచారట. మా అమ్మ చేదతో వెళ్ళింది. మళ్ళీ దాని ఊసు ఇద్దరూ ఎత్తలేదు. పోయిన నెల అత్తయ్యకి, అదే మీ అమ్మగారికి, మణికట్టు విరిగేదాకా నీళ్ళు ఒక్కరోజూ ఆగలేదు. ఇప్పుడు కట్టు ఉంది కాబట్టి తాడు మీ ఇంట్లో మేకుకి వేలాడుతోంది. మా అమ్మ టిన్ను నీళ్ళు కొనుక్కుంటోంది, తాగిన ప్రతిసారీ మొహం చిట్లిస్తోంది.

శుక్రవారం నాకు కబురు తెలిసి భవానీపురం నుంచి వెళ్ళేసరికి పొక్లెయిన్ చప్టా ముందు ఆగి ఉంది. ఒక పెద్దాయన బావి గట్టు మీద, మెషిన్ తొండానికి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. డ్రైవరు బతిమాలుతున్నాడు: "లెగండి పెద్దాయనా, బండి వేడెక్కిపోతంది." ఆయన "ఎక్కనీయ్, కింద నీళ్ళున్నాయిగా, తోడి పోస్తాం" అన్నాడు. కాంట్రాక్టరు మనిషి వచ్చి, "ఏమండీ, ఈ బావి మీదా?" అని గద్దించాడు. కాదన్నాడు. "మరి మీది కానిదానికి అడ్డమెందుకు కూర్చున్నారు?" అన్నాడు. "మాది కాదు గనకే కూర్చున్నా. మాదైతే ఇచ్చేసేవాణ్ణి" అన్నాడు ఆయన. ఆ తర్వాత శౌరమ్మ పీట తెచ్చుకుని ఆయన పక్కన కూర్చుంది. మా అమ్మ రోజా ఉపవాసంలో ఉండి కూడా ఎండలోకి వచ్చి నిలబడింది. ఊళ్ళో సగం మంది వచ్చారు. ఆ పెద్దాయన పేరు రాయొద్దన్నాడు. రాయడం లేదు.

మధ్యాహ్నానికి రోడ్డు పనుల అధికారి వచ్చారు. పని ఆపించారు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఒక షరతు పెట్టారు. మళ్ళీ నేనొచ్చేసరికి వాడుతున్నట్టు చూపించండి, ఎవరు వాడతారో వాళ్ళే తోడుకుని నా ముందు తాగండి, రాసుకుంటాను అన్నారు. మా అమ్మ వెంటనే తల అడ్డంగా ఊపింది. "రోజా అయిపోయాక తాగొచ్చుగా అమ్మా" అన్నారు ఆయన. "రోజా గురించి కాదండీ, మేం తోడుకున్నది మేమే తాగం" అంది. ఇంటికొచ్చాక నేను కోప్పడ్డాను. ఒక్కసారి మాది అనవే, బావి మిగులుతుంది అన్నాను. "నువ్వు పేపర్లో రాసుకో మాది అని. నా నోటితో అనను" అంది. చెప్పకేం, ఆ పూట ఆవిడ నాకంటే స్పష్టంగా ఉంది. బావిని మిగుల్చుకుని పద్ధతిని పూడ్చుకుంటే మిగిలేది గొయ్యి.

అందుకని మర్నాడు ఆఫీసుకి వెళ్ళి అధికారితో చెప్పాను. మేం చూపిస్తాం, కానీ మా పద్ధతిలోనే చూపిస్తాం. ఒకరు తోడతారు, ఇంకొకరి బిందెలో పోస్తారు, అదే మా వాడకం అన్నాను. ఆయన ట్యాబ్ తిప్పి చూపించారు. "పద్ధతులకు ఇందులో కాలమ్ లేదమ్మా" అన్నారు. లేకపోతే గీయండి అన్నాను. నవ్వారు. సరే అనలేదు, కాదనీ అనలేదు. చూశాక చెబుతాను అన్నారు.

మా ఇంటి తరఫున నేను నిలబడతాను. మీ ఇంటి తరఫున తోడే చేతులు కావాలి. అత్తయ్య చెయ్యి కట్టులో ఉంది. ఇంకెవరు తోడినా పనికిరాదా అంటావేమో. ఆ తాడు మీ ఇంటిది, దాన్ని బావికి తేవాల్సింది మీ ఇంటి ఆడపిల్లే. నువ్వు తోడి మా అమ్మ బిందెలో పోస్తావు. నేను తోడి మీ అమ్మగారి బిందెలో పోస్తాను. నువ్వు పోసిన నీళ్ళతో మా అమ్మ ఆ సాయంత్రం ఇఫ్తార్ చేస్తుంది. నాతో ఒక్క మాట మాట్లాడకుండానే ఇదంతా చేయొచ్చు.

రానంటావా, సరే. నేను ఆ గట్టు మీద కూర్చుంటాను. పూడిస్తే నా ముందే పూడ్చాలి. కానీ కూర్చుని ఆపడం వేరు, తోడి నిలబెట్టడం వేరు. రెండోది నా ఒక్కదానివల్ల కాదు.

ఇట్లు,
ఇల్మా
(పిరికిదానివని ఇప్పుడు అనుకోవడం లేదు)

తా.క.: పాతికేళ్ళ ఉద్యోగంలో పేరు రాయనని మాటిచ్చి ఎవరి పేరూ బయటపెట్టలేదు. ఇది మొదటిసారి. గట్టు మీద కూర్చున్నది మీ నాన్నగారు. అందరూ వెళ్ళాక నన్ను పిలిచి, "ఏమ్మా విలేఖరీ, ఈసారి కూడా నా పేరు వేస్తావా?" అన్నారు. వేయమంటారా అన్నాను. "వద్దు. ఉషకి అసలు చెప్పొద్దు. తెలిస్తే నాన్న కోసం వస్తుంది. అట్టా రాకూడదు, బావి కోసం రావాలి" అన్నారు. ఆరేళ్ళ తర్వాత నాతో ఆయన మాట్లాడిన మొదటి మాటలు అవి. సరే మావయ్యా అన్నాను. మాట తప్పాను, ఇందుకు నన్ను ఆయన ఏమన్నా పడతాను. నువ్వు ఎందుకోసం వస్తావన్నది నువ్వే తేల్చుకో.

అధికారి 17వ తేదీ సోమవారం ఉదయం పదకొండు గంటలకు వస్తారు. మావయ్య తాడు కొత్తగా పేని ఉంచారు. చేద మా అమ్మ తోమి పెట్టింది. ముందు తోడాల్సింది నువ్వు.