ఇత్తడి గంట

మైపాడు, శుక్రవారం, 1963

మా అమ్మాయి శారద పరిశోధనకని సూక్ష్మజీవులను పెంచుతూ, సెలవులకు వెంట తెచ్చుకున్న గాజు గొట్టాలన్నీ మరిది ఈ ఉదయం తెడ్డుతో పగలగొట్టాడు. తన మనవడి వాంతులు వాటివల్లేనట.

"రోగాలను ఇంట్లో పెట్టి పెంచతా ఉండారే వదినా, మా పిల్లోడు చావాల్నా?"

అడ్డుపడిన నా బిడ్డ మణికట్టు ఆ తెడ్డు దెబ్బకు విరిగింది. పూజలో ఉన్న నేను చేతిలోని గంటతో అతని నుదుటి మీద కొట్టాను. ముగ్గంతా నెత్తురు.

కట్టు వేయించుకొచ్చాక శారద అంది: "ఆ సూక్ష్మజీవుల పొరలో వాకిళ్లుంటాయమ్మా. తమకు తిండైన అమైనో ఆమ్లాలను వాటిలోంచే లోపలికి లాక్కుంటాయి. అదే పోలికతో విషమొచ్చినా, తిండే అనుకొని లాక్కొని చస్తాయి."

మరిదికి ఇరవై ఏళ్లుగా తలుపు తీసి కాఫీ ఇచ్చింది నేనే.

గంట చింతపండుతో తోమాను. రేపు దేవుడి ముందు దాన్ని ఏ చేత్తో మోగించను...