స్వామి పటం వెనక తాళంచెవి

మిల్టన్ కీన్స్,
సెప్టెంబరు

ప్రియమైన హైమా,

ఈ సంగతి ఫోన్‌లో ఎత్తితే నువ్వు సగంలోనే వద్దంటావు, నేను గొంతు పెంచుతాను, పక్కగదిలో మన అక్షర టీవీ సౌండ్ తగ్గించి మరీ వింటుంది. అందుకే పెళ్లి కుదిరిన రోజుల్లోలాగా కాగితం తీశాను. లీసెస్టర్ హాస్పిటల్ ఫార్మసీలో నీ డ్యూటీల రోటా ఎలా ఉన్నా, టీ తాగుతూ ఇది చదివే తీరిక దొరక్కపోదు.

మన వెనక వీధి రాజారావు అంకుల్ తెలుసుగా, రిటైరైన డాక్టరు గారు. ఆయన వెంట ఆదివారం క్లే షూటింగ్‌కి వెళ్లాను. కంగారుపడకు, పిట్టల్ని కొట్టడం కాదు. మట్టి ప్లేటు లాంటిదాన్ని మెషిన్ గాల్లోకి విసురుతుంది, దాన్ని షాట్‌గన్‌తో పగలగొట్టాలి. ముందు చాలాసేపు పేల్చనివ్వనేలేదు. ఎలా పట్టుకోవాలి, ఎటు తిప్పకూడదు, వేలు ఎక్కడ ఉంచాలి, అంతా పాఠమే. నాకు బాగా నచ్చింది ఒకటుంది. తుపాకీని మధ్యకు వంచి తెరిచి, రెండు గొట్టాలూ ఖాళీ అని చూపించాకే పక్కవాళ్ల చేతికివ్వాలి.

"నీకు తెలిస్తే సాల్దు నాయనా, ఎదుటోళ్లకు సూపియ్యాల" అన్నారు అంకుల్, మన కర్నూలు మాటలోనే.

చివరికి ఒక ప్లేటు పగిలింది. ఆ క్షణంలో నా బుర్రలో ఏ రొదా లేదు హైమా. చాలాకాలమైంది అలా ఉండి.

సొంతంగా ఒకటి కొనుక్కోవాలనుంది. దానికి పోలీసులు సర్టిఫికెట్ ఇవ్వాలి. అప్లై చేసేముందు నువ్వొకసారి వచ్చి చూస్తే బాగుంటుంది. వస్తావా?

నీ జవాబు కోసం తలుపుకున్న ఉత్తరాల సందులోకే చూస్తూ,
నీ రఘు


లీసెస్టర్,
సెప్టెంబరు

శ్రీవారికి,

ఉత్తరం అనగానే ఏ ప్రేమ కబురో అనుకుని క్యాంటీన్‌లో మూల టేబుల్ వెతుక్కుని మరీ విప్పాను. లోపలేమో తుపాకీ. బాత్‌రూమ్‌లో సాలీడు కనబడితే నన్ను కేకేసే మనిషికి ఇదేం సరదా?

నాకు భయంగా ఉందండీ. ఇంట్లో పదకొండేళ్ల పిల్ల ఉంది. ఇక్కడ నా పైస్థాయి ట్రైనింగ్ అయ్యేదాకా నేను వారంలో రెండు రోజులే ఇంట్లో ఉంటాను. దాన్నెక్కడ పెడతారు? తాళం ఎవరి దగ్గరుంటుంది? కోపంలోనో, చిరాకులోనో ఉన్నప్పుడు అది చేతికి అందే దూరంలో ఉంటే? ఎవరి కోపమని అడక్కండి, మాటవరసకు అన్నాను.

సరే, వచ్చి చూస్తాను. చూడకుండా వద్దంటే మీరు జీవితాంతం దెప్పుతారు.

నిద్ర పడుతోందా? రాత్రిపూట నిజంగానే తింటున్నారా, లేక అక్షరకు పెట్టి మీరు టోస్ట్‌తో సరిపెడుతున్నారా? గరాజ్‌లో లైటు కాలిపోయిందన్నారు, మార్పించండి. ఆ చీకట్లో కార్లో కూర్చోకండి.

మీ హైమ


మిల్టన్ కీన్స్,
అక్టోబరు

ప్రియమైన హైమా,

భుజం నొప్పి తగ్గిందా? వద్దు వద్దంటూనే వచ్చి, రెండోసారికే ప్లేటు పగలగొట్టి, ఎవరైనా చూశారా అన్నట్టు చుట్టూ చూశావు చూడు, ఆ ముఖం తలుచుకుని వారమంతా నవ్వుకున్నాను. ప్రతిసారీ తుపాకీ తెరిచి నాకు చూపించి, నేను తలూపేదాకా కదల్లేదు. అంకుల్ నీకే ఫుల్ మార్కులు వేశారు. తిరిగొస్తూ కార్లో మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. అలసిపోయావనుకున్నాను.

అప్లికేషన్ పెట్టేశాను. తుపాకీ రాకముందే దాని పెట్టె వచ్చింది. ఇనుప బీరువా, మెట్లకింద గోడకు బోల్టులు కొట్టి బిగించాం. రూలు ప్రకారం దాని తాళంచెవి ఎక్కడుందో నాకొక్కడికే తెలియాలట. నీకు తెలియని తాళం మన ఇంట్లో ఉందంటే నాకే నవ్వొస్తుంది. మా అమ్మ నగల పెట్టె తాళంచెవిలాగే దీన్ని కూడా పూజ షెల్ఫ్‌లో వెంకటేశ్వరస్వామి పటం వెనక మేకుకు తగిలించాను. ఈ మాట మన మధ్యే ఉండాలి.

శుక్రవారం పోలీసు ఆఫీసరు ఇల్లు చూడటానికి వస్తుంది. నువ్వూ ఉండేలా చూసుకో.

నీ రఘు


లీసెస్టర్,
నవంబరు

శ్రీవారికి,

ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేక, వీకెండంతా మింగి, ఇక్కడికొచ్చి రాస్తున్నాను.

మీరు అక్షరను స్విమ్మింగ్ నుంచి తీసుకురావడానికి వెళ్లినప్పుడు ఆ ఆఫీసరమ్మ వంటింట్లో నా దగ్గర కూర్చుంది. మంచి మనిషి. రెండు చెంచాల చక్కెర వేసుకుని మన టీ తాగింది. మీ ఆయన సరదా మీకు ఇష్టమేనా అని అడిగింది. ఇంట్లో అందరూ బాగున్నారా, మీకేమైనా దిగులుందా అని అడిగింది. లేదన్నాను. బీరువా భద్రంగానే ఉంది కదా అంటే, "ఓ, ఎందుకు లేదు, తాళంచెవి మా దేవుడి పటం వెనకుంటుంది" అనేశాను. ఆమె పెన్ను ఆగిపోయింది. అప్పటికి గానీ ఏమన్నానో తెలియలేదు.

నోరు జారిందండీ. మీరు తిట్టినా పడతాను.

మీ హైమ


మిల్టన్ కీన్స్,
నవంబరు

హైమా,

ఆఫీసరు ఫోన్ చేసింది. సర్టిఫికెట్ సంగతి ప్రస్తుతానికి ఆపారు.

తాళంచెవి సంగతి నీకు చెప్పడం నాదే తప్పు. కానీ ఒకటి అర్థం కావడంలేదు. మార్ఫిన్ ఉండే మందుల బీరువా తాళంచెవి నువ్వు రోజూ సంతకం పెట్టి తీసుకుంటావు, సంతకం పెట్టి అప్పగిస్తావు. తాళం చెవి సంగతి ఎవరికి తెలియాలో ఎవరికి తెలియకూడదో కొత్తగా చేరినవాళ్లకు నేర్పేదానివి. నీ నోరు జారడమేమిటి?

రఘు


లీసెస్టర్,
నవంబరు

ఏమండీ,

జారలేదు. తెలిసే చెప్పాను.

నాకు అక్షర గురించి భయం లేదు. అది మనిద్దరికంటే జాగ్రత్త. నా భయమంతా మీ గురించి. రెండేళ్ల కిందట ఉద్యోగం పోయినప్పుడు, ఆ చలికాలమంతా మీరు గరాజ్‌లో కారెక్కి, ఎక్కడికీ వెళ్లకుండా, లైటు కూడా వేయకుండా కూర్చునేవారు. రేడియో వింటున్నానని చెప్పేవారు. రేడియో మోగేది కాదు. నేను తలుపు ఇవతల నిలబడి, మీరు లేచిన చప్పుడు వినపడ్డాకే వంటింట్లోకి పరిగెత్తేదాన్ని. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ నా హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని డ్యూటీకి వెళ్లేదాన్ని. పారాసిటమాల్ ఏదని మీరడిగితే, కొనడం మర్చిపోయానన్నాను.

తర్వాత కొత్త ఉద్యోగం వచ్చింది, మీరు నవ్వారు, ఆ మాట మళ్లీ ఎవరమూ ఎత్తలేదు. ఎత్తితే తిరిగి వస్తుందేమోనని నా పిచ్చి భయం.

ఆ రోజు షూటింగ్ దగ్గర మీ ముఖం వెలిగిపోయింది. అది చూస్తూ, ఇది వద్దని ఎలా అంటాను? ఆఫీసరమ్మ దిగులుందా అని అడిగినప్పుడు మా ఆయన గురించి భయమని పరాయి మనిషితో చెప్పలేకపోయాను. చెబితే మిమ్మల్ని పరువు తీసి బజారులో పెట్టినట్టు అనిపించింది. చెప్పకుండా ఉండలేక తాళంచెవి సంగతి చెప్పాను.

ఇప్పుడు నాకు నిద్ర పట్టడంలేదు. కోప్పడండి, కానీ జవాబు మాత్రం రాయండి.

మీ హైమ


మిల్టన్ కీన్స్,
డిసెంబరు

ప్రియమైన హైమా,

జవాబు ఆలస్యమైంది. రాసినవన్నీ చించేశాను.

నువ్వు తాళంచెవి సంగతి చెప్పకముందే ఆ ఆఫీసరుకు అంతా తెలుసు. అప్లికేషన్ పెట్టేముందే నేను మన ఫ్యామిలీ డాక్టరు, అదే జీపీ దగ్గరకు వెళ్లి ఆ చలికాలం గురించి చెప్పాను. దాచి తుపాకీ తెచ్చుకోవడం నాకే తప్పనిపించింది. ఆ డాక్టరు పోలీసులకు రాసి పంపింది. ఆఫీసరు మెట్లకింద బీరువా చూస్తూ నన్నడిగిన ప్రశ్న ఒక్కటే, "ఆ చలికాలం సంగతి మీ భార్యకు తెలుసా?" అని. తెలియదన్నాను. నేను స్విమ్మింగ్‌కి వెళ్లేదాకా ఆమె ఎందుకు ఆగిందో ఇప్పుడర్థమైంది. సర్టిఫికెట్ ఆపింది తాళంచెవి వల్ల కాదు, దానికైతే కోడ్ ఉన్న చిన్న పెట్టె కొనుక్కోమందంతే.

డాక్టరుకు చెప్పాను, పోలీసుకు చెప్పాను. తలుపవతల నిలబడ్డదానివి, నీకు చెప్పలేదు.

ఇప్పుడు చెబుతున్నాను. అవును, ఆ చలికాలం నాకు బతకాలని లేదు. రోజూ కాదు, కానీ చాలా రోజులు. నువ్వు వంటింట్లోకి పరిగెత్తే చప్పుడు నాకు వినిపించేది. అది వినే లోపలికి వచ్చేవాణ్ణి. ఇప్పుడు అలా లేదు. ఒకటి రెండు చెడ్డ రోజులు ఉంటాయి, వాటి గురించి మాట్లాడటానికి జీపీ ఒక కౌన్సెలర్‌ను చూసిపెట్టింది, బుధవారాలు వెళుతున్నాను.

అప్లికేషన్ నేనే వెనక్కి తీసుకున్నాను. ఇంటికి తుపాకీ రాదు. ఆదివారాలు మాత్రం మాననివ్వకు. అక్కడి తుపాకీతో, అంకుల్ పక్కనుండగా, ఆ కాసేపు చాలు నాకు. నువ్వూ రా, నీ రెండో ప్లేటు బాకీ ఉంది.

ఇనుప బీరువా ఖాళీగా ఉంటే అక్షర దాంట్లో నీ ఆవకాయ జాడీలు పెట్టింది. "డాడ్, నౌ ఇట్స్ రియల్లీ డేంజరస్" అంటోంది. తాళంచెవి స్వామి పటం వెనకే ఉంది, అందరికీ తెలుసు.

శనివారం నువ్వు వచ్చాక, గరాజ్‌లో కార్లో కూర్చుందాం, ఈసారి ఇద్దరం. నువ్వు ఏదైనా అడుగు. నువ్వు తలూపేదాకా కదలను.

అన్నట్టు, అక్కడ లైటు మార్పించాను.

నీ రఘు