దర్జీ మావయ్య పుట్టగొడుగు

మావయ్యకు నమస్కారాలు.

మొన్న మీ కుట్టుషాపులో ఇస్త్రీబల్ల కింద, తడిచెక్క మీద మొలిచిన బుల్లి పుట్టగొడుగుల్ని డబ్బాలో పెట్టుకొచ్చాను కదా, అవి లోకానికే కొత్త రకం! తేల్చింది నేను కాబట్టి పేరు పెట్టే వంతూ నాదే. మీ పేరే పెట్టాను: మరాస్మియస్ సార్టోరిస్. మొదటిమాట ఇంటిపేరు లాంటిది. రెండోది సొంతపేరు, "దర్జీగారిది" అని అర్థం. మా పుట్టగొడుగుల పరిశోధకుల పత్రికలో అచ్చు కూడా అయిపోయింది. కాగితం జతచేశాను.

మీ మేనకోడలు

తా.క.: బల్ల కింద తుడవకండి.

అమ్మాయీ, దీవెనలు.

నీ అచ్చుకాగితానికి పటం కట్టించి షాపు గుమ్మంలో తగిలించాను. రెండ్రోజులు నేల మీద నడవలేదంటే నమ్ము. మూడోనాడు పక్కనున్న మందుల షాపాయన లావుపాటి పుస్తకం తెచ్చి, వేలు తడి చేసుకుని పేజీ తీశాడు. "మరాస్మియస్ అంటే ఎండి శుష్కించిపోవడమట. మాతో ఒక్కముక్కైనా చెప్పలేదేమయ్యా?" అన్నాడు. నాకేదో జబ్బని వీధంతా పాకింది. ఒక్క చెయ్యే కుట్టిన కోటుని ఒకాయన అలాగే తొడుక్కుని వెళ్లిపోయాడు. ఆ ఇంటిపేరు వెంటనే మార్చెయ్.

మీ మావయ్య

తా.క.: ఒళ్లు చేశానని అందరికీ చూపిస్తున్నాను. వాపంటున్నారు.

మావయ్యా,

ఎండేది మీరు కాదు, పుట్టగొడుగు! ఆ కుటుంబంలోవి ఎండకి ముడుచుకుపోతాయి, నీళ్లు తగిలితే మళ్లీ విచ్చుకుంటాయి. అందుకే ఆ పేరు. అచ్చయ్యాక నచ్చలేదని మార్చడానికి మా నిబంధనలు ఒప్పుకోవు. ఈ ఉత్తరం అందరికీ చదివి వినిపించండి.

మీ మేనకోడలు

తా.క.: ముందు అత్తయ్యకి.

అమ్మాయీ,

వినిపించాను. "నీళ్లు" దాకా విని మీ అత్తయ్య లేచిపోయింది. బకెట్టుతో తిరిగొచ్చింది. "హమ్మయ్య, మందుందన్నమాట" అంటూ నెత్తిన కుమ్మరించింది. అప్పట్నుంచి పూటకో బకెట్టు. నిన్న మందుల షాపాయన కూడా ఒక చెంబు పోసి, నా మొహంలోకి తేరిపార చూసి, "కాస్త విచ్చుకున్నాడు" అన్నాడు. నవ్వులాట కాదమ్మా. కుట్టడానికి గుడ్డముక్క లేదు. నలభై ఏళ్లు ఆడిన చెయ్యి, ఊరికే కూర్చోలేకపోతున్నాను.

మీ మావయ్య

తా.క.: సిరా అలుక్కుపోతే ఏమనుకోకు. జుట్టు కారుతోంది.

మావయ్యా, శుభవార్త!

మా పెద్ద పరిశోధకుడు పాత బీరువా వెతికితే, ఈ పుట్టగొడుగుకి నూరేళ్ల కిందటే ఎవరో పేరు పెట్టేశారని తేలింది. ముందు పెట్టిందే చెల్లుతుంది. ఇంటిపేరు అలాగే ఉంటుంది, దర్జీ మాత్రం పోయినట్టే. ముద్ర వేసిన కాగితం పంపమంటారా? గుమ్మంలో అంటించండి.

మీ మేనకోడలు

తా.క.: "దర్జీ పోయినట్టే" అన్న ముక్క అత్తయ్యకి చదవకండి.

అమ్మాయీ,

పంపకు! ఆ సంగతి పైకి పొక్కనీయకు. "ఈయన చేతి కుట్టు ఇక దొరకదు" అని ఎవరన్నారో గాని, సోమవారం షాపు తెరిచేసరికి వీధి చివరిదాకా జనం. బడి పెద్ద పంతులుగారు రిటైరయ్యే రోజుకి సూటు ఇప్పుడే కుట్టమన్నారు. ఇంకా పదకొండేళ్లుంది. ఒకాయన ఇంకా పుట్టని మనవడి పెళ్లికోటుకి కొలతలిచ్చాడు, అందాజుగా. మీ అత్తయ్య గుండీలు కుడుతోంది. మిషను ఆగడం లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

మీ మావయ్య

తా.క.: హుషారుగా ఉన్నానని ఇద్దరు అనుమానంగా చూశారు. మంచి దగ్గొకటి సాధన చేస్తున్నాను. మీ అత్తయ్య విని, దగ్గు ఇంకా నమ్మేలా లేదంటోంది.