బొల్లికి కలిపిన ముద్ద

మోతె,
1949, మాఘమాసం.

తమ్ముడు గట్టయ్యకు,

మిర్యాలగూడ పొలాల్లో నువ్వూ, పిల్లలూ, గొర్ల మందా సల్లగుండాలని బీరప్పకు మొక్కుతూ అక్క రాసేది.

ఊళ్లె కుక్కలన్నిటినీ మనోళ్లే సంపుతున్నరు. గుట్టల్లో దాక్కున్న మన సంగం పిలగాండ్లు చీకటి పడ్డంక బువ్వకొస్తే ఇవి మొరుగుతున్నయి. ఆ మొరుగుడు పట్టుకొని మిలిట్రీ వస్తున్నది. మొన్న గట్లనే ఒకణ్ణి పట్టుకపోయిన్రు. ఎవరినీ తప్పు పట్టలేను. విషం కలిపిన ముద్దలు వేసిన్రు, అన్నీ తిన్నయి. మన బొల్లి ముట్టలేదు. నాయిన నేర్పిన పద్ధతి నీకెరుకే. దొంగలు కుక్కకు విషం పెట్టి గొర్లను తోలుకపోతరని, ఇంటివాళ్లు మొదటి ముద్ద తిన్నంకనే మన కుక్క మూతి పెడతది.

నిన్న మన వాడకట్టు మల్సూరు వచ్చి గడపల కూసున్నడు.

"పెద్దక్కా, నా కొడుకు గుట్టల్లనే ఉన్నడు. బొల్లి మొరిగితే వాడు నాకు దక్కడు. నీ చేత్తోనే పెట్టు. నువ్వు తిన్నట్టు చెయ్యి, సాలు."

సరే అన్న.

నేను పుట్టినప్పుడు నా బొంతల పండుకున్నది దీని ముత్తవ్వల్ల ఒకతి. మీ బావ పోయిననాడు నా ఒళ్లో తల పెట్టింది దీని తల్లి. పొద్దున్నే దేవుని బండారి పసుపు నా నొసటికింత, దీని నొసటికింత. దీన్ని ఎవరన్నా పశువంటే నాకు కోపం రాదు. నాకట్ల అనిపించదు, అంతే.

ఆదివారం పెడుత. నువ్వు రావద్దు. బాగ అలిసిన తమ్మీ.

మీ అక్క,
పెంటమ్మ


కోదాడ,
మాఘం చివర.

నా తండ్రీ గట్టయ్యా,

పెట్టలేకపోయిన. దీపం ముట్టించి, ముద్ద కలిపి, నోటిదాంక తెచ్చిన. బొల్లి నా నోటికెల్లే సూస్తూ తోక ఊపింది. అది నన్ను నమ్మినంత నేను బీరప్పను గూడ నమ్మలేదేమో. ముద్ద పొయిల ఏసిన.

మల్సూరుకు చెప్పిన: "బొల్లి ఈ ఊళ్లె ఇగ మొరగదు. మేం పోతున్నం."

"కుక్క కోసం ఊరిడుస్తవా? నలుగురు నవ్వుతరు పెద్దక్కా!"

"నవ్వనీ. నీ కొడుకు కోసం గూడ ఇడుస్తున్న."

వాడు మూట ఎత్తి నా నెత్తిన పెట్టిండు.

సూర్యాపేట మీదుగ నీ దగ్గరికే రావాలనుకున్న. ఆ తొవ్వల మిలిట్రీ తనిఖీలంటే ఇటు చెల్లెలింటికొచ్చిన. రేణుకమ్మ కాళ్లకు నీళ్లిచ్చింది, ఏడ్చింది, వేడి బువ్వ పెట్టింది. "నువ్వుండక్కా, నీ ఇల్లే అనుకో. కుక్కను మాత్రం ఎక్కడన్నా వదిలెయ్. మా అత్త ఒప్పుకోదు" అన్నది. దాని తప్పేం లేదు. అది ఒకరి ఇంట్లో కోడలు.

రేపు నేరేడుచర్ల మీదుగ మీ దిక్కు బయలెల్తం. మెల్లగ నడుస్తం, ఇద్దరం ముసలోళ్లమే. మంద వెంట తిరిగే బలం దానికీ లేదు, నాకూ లేదు. నీ పెండ్లాం ముందు నువ్వు చిన్నబోవద్దని ఈ ముక్క ముందుగాల్నే చెప్తున్న. నీ గుడిసెల ఒక్కరికే జాగుంటే, నేరేడుచర్ల వచ్చే బండ్లోళ్లతోని కబురంపు. మనసుల పెట్టుకోను.

ఇద్దరం ఇంకోదిక్కు సూసుకుంటం.

నీ పెద్దక్క