నా చేపల నీళ్ళు కావు

శనివారం రాత్రి. బయట మళ్ళీ వాన.

గెలిచాను! కారులో కారేది వాన నీళ్ళే.

ముందు సీటు దగ్గర మ్యాట్ తడిసి కంపు కొట్టినప్పుడల్లా మా ఆయనది ఒకటే పాట. "మీ అమ్మిచ్చిన సేపల బుట్ట కార్లో ఎట్టొద్దని ఎన్నిసార్లు సెప్పాలే?" ఆ మాట పడలేక పుట్టింటి చేపలు బస్సులో మోసుకొస్తున్నాను.

ఇవాళ వాన తెరిపివ్వగానే ఆయన్ని ఆ సీట్లోనే కూర్చోబెట్టి, ముందు అద్దం మీద బకెట్‌తో నీళ్ళు పోశాను. డాష్‌బోర్డు కింద నుంచి ఆయన కాళ్ళ మీదే ధార కట్టింది! వైపర్ల కింద ప్లాస్టిక్ మూత విప్పి చూస్తే, నీళ్ళు బయటికి పోయే కన్నం నిండా కుళ్ళిన బంతిపూలు, పోర్టు నుంచి గాలికి ఎగిరొచ్చే బొగ్గు మసితో కలిసి ముద్దయిపోయి ఉన్నాయి. ఏటా దసరా పూజకి బోనెట్‌కి కట్టి, ఎండి రాలిపోయేదాకా ఆయన విప్పనివ్వని దండలవి.

పుల్లతో పొడిచి మొత్తం లాగేశాను. మళ్ళీ నీళ్ళు పోస్తే లోపల చుక్క పడలేదు.

ఆ ముద్ద ఆయన చేతిలో పెట్టి, "ఇవేటి సేపలండీ?" అన్నాను.

"మెల్లగా అనే, అమ్మ వింటాది," అన్నాడు. దండలు గుచ్చేది అత్తయ్యే మరి. వచ్చే దసరాకి వద్దంటే ఊరుకుంటారో లేదో...

అది అప్పటి మాట. రేపు పుట్టింటికి కారు నేనే నడుపుతాను. వచ్చేటప్పుడు చేపల బుట్ట ముందు సీట్లో, ఆయన వెనక సీట్లో.