ఆ రెండో రికార్డు దండగన్నాను

1 ఆగస్టు 1976, ఆదివారం

మళ్లీ అదే వాదన. అటు ఈయన, ఇటు ఈయన స్నేహితులు విక్టర్ గారు, మధ్యలో రికార్డు ప్లేయరు. మద్రాసు నుంచి తెప్పించిన ఆ ఇంగ్లిషు రాక్ పాటల సెట్టు వచ్చి నెల దాటింది. రెండు రికార్డులు, నాలుగు వైపులు. ఈయన మాట — బాగున్నవి ఏరితే ఒక్క రికార్డుకే సరిపోతాయి, మిగతాదంతా సాగదీత. విక్టర్ గారి మాట — ఏరితే పాటలు మిగులుతాయేమో, వాళ్లు చెప్పదలుచుకున్నది మిగలదు. ఆయన చేసేది బ్యాంకు గుమాస్తా పని, కానీ వాదనకు కూర్చుంటే ప్లీడరే.

పకోడీల పళ్లెం పెడుతుంటే అడిగారు, మీరేమంటారు చెల్లెమ్మా అని. ఆ గోల నాకేం తెలుసండీ అన్నాను. ఇద్దరూ నవ్వారు.

తెలుసు. ఈయన ఆటోనగర్‌లో షాపుకి వెళ్లాక, అత్తయ్య కునుకు తీశాక, రోజూ వింటున్నాను. రెండో రికార్డులో మొదటి వైపు. వీళ్లు మూడో వైపు అంటారు. మాటలు సగం అర్థం కావు. అయినా... అందులో రెండో పాట. గిటారు ఒక్కటే మొదలవుతుంది, ఎవరి కోసమో చాలాసేపు చూస్తున్నట్టు. ఆ తర్వాతే గొంతు కలుస్తుంది.

ఎందుకు చెప్పలేదో.

4 ఆగస్టు

రికార్డు మీద గీత పడింది.

పెరట్లోంచి అత్తయ్య పిలిచారు. తొందరలో ముల్లు ఎత్తబోయాను, పాట మీద అడ్డంగా జారింది. ఆ చప్పుడు... మళ్లీ పెట్టి చూశాను. అక్కడికొచ్చేసరికి ఒకే ముక్క, ఒకే ముక్క. తీసి కవర్లో పెట్టేశాను.

ఈయన రాగానే చెప్పేస్తాను.

5 ఆగస్టు

చెప్పలేదు.

8 ఆగస్టు, ఆదివారం

ఇది రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు.

విక్టర్ గారు వచ్చారు. ఈ వారం మూడో వైపుతో మొదలుపెడదాం అన్నారు. ఈయన కవరు అందుకున్నారు. నా నోట్లోంచి వచ్చేసింది —

"ఆ రెండోది ఎందుకండీ, దండగ. మొదటిదాంట్లో ఉన్నదే తిప్పి తిప్పి వాయించారు."

ఇద్దరూ నన్నే చూశారు. నువ్వెప్పుడు విన్నావు అన్నారు ఈయన. వంటింట్లోకి వినబడుతుందిగా అన్నాను. ఇక ఆగలేదు. ఈయన ఇన్నాళ్లూ అన్న మాటలన్నీ ఈయనకే అప్పజెప్పాను. ఆ వైపు రెండో పాట ఎందుకు పాడుతున్నాడో పాడేవాడికే తెలియదన్నాను. ఇంకే పాటా దొరకనట్టు, ఆ పాటనే.

ఈయన ముఖం వెలిగిపోయింది. పెళ్లయిన ఇన్నేళ్లలో నన్ను అలా చూడలేదు. మా ఆవిడ తేల్చేసింది చూశావా అని విక్టర్ గారి భుజం తట్టారు. ఆ ఊపులోనే రెండో రికార్డు తీసి, నీకిష్టం కదా ఉంచుకో, మాకు ఒకటి చాలు, అని చేతిలో పెట్టేశారు. విక్టర్ గారు వద్దు వద్దంటూనే అందుకున్నారు, అంచులు మాత్రమే తాకుతూ.

వాళ్ల ప్లేయరుకి ముల్లు విరిగింది. కొత్తది వచ్చేదాకా వినరు. హమ్మయ్య అనుకున్నాను. అవును, అదే అనుకున్నాను.

11 ఆగస్టు

ఈయన షాపుకొచ్చిన వాళ్లందరికీ నా మాట చెబుతున్నారట. ఈ రోజు మైలవరం నుంచి నాన్న వస్తే ఆయనకీ చెప్పారు — మీ అమ్మాయి చెవి గొప్పదండి మావయ్యగారూ, ఒక్క మాటలో తేల్చేసింది. నాన్న సంతోషంగా తల ఊపారు. నేను మంచినీళ్లు తెస్తానని లేచాను.

19 ఆగస్టు

సుగుణ గారు వచ్చారు, విక్టర్ గారి భార్య. ఆసుపత్రి నుంచి నేరుగా, నర్సు డ్యూటీ తెల్ల చీరలోనే.

కొత్త ముల్లు వేయించి మొన్న ఆదివారం రికార్డు పెట్టారట. గీత. వాళ్లింట్లో బాగా పాడింది, నా చేతులతో తెచ్చాను, ఇంట్లో నువ్వు తప్ప ఇంకెవరున్నారు, అన్నారట విక్టర్ గారు. అప్పటి నుంచి ఆవిడతో మాటల్లేవు. కంచం పెడితే తింటారు, లేచిపోతారు.

"దుమ్ము పట్టిందని తుడిచానండి లలిత గారూ. మెత్తటి గుడ్డతోనే తుడిచాను. ఏమో... నా ఉంగరం తగిలిందేమో."

తనని తనే అనుమానించుకుంటున్నారు. కళ్లు తుడుచుకుంటున్నారు. కాఫీ కలిపి ఇచ్చాను. చక్కెర సరిపోయిందా అని అడిగాను.

20 ఆగస్టు

భోజనాల దగ్గర ఈయనకి చెప్పేశాను. గీత సంగతి విని, పోనీలే, వస్తువేగా అన్నారు. కాసేపటికి చెయ్యి ఆగిపోయింది.

"మరి ఆ రోజు అన్నదంతా?"

గీత బయటపడుతుందన్న భయంతో అలా అన్నానని చెప్పాను.

"అంటే అది నీ మాట కాదా?"

కాదు. నాకు మూడో వైపే ఇష్టం. రెండు రికార్డులూ ఉండాల్సిందే అన్నాను. మజ్జిగ పోసుకోకుండా లేచారు. ఎంతమందికి చెప్పుకున్నానో అన్నారు. నాతో కాదు, గోడతో.

22 ఆగస్టు, ఆదివారం

గుణదల వెళ్లాం, వాళ్లింటికి. అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టున్నారు. కూర్చోకుండానే చెప్పేశాను — గీత పెట్టింది నేను, సుగుణ గారు కాదు.

విక్టర్ గారు నవ్వారు. నమ్మలేదు.

"సుగుణ కోసం మీ మీద వేసుకుంటున్నారు. మీ మనసు మంచిదమ్మా. వంటింట్లోంచి వినే మనిషి ప్లేయరెందుకు ముట్టుకుంటారు?"

మళ్లీ చెప్పాను. రోజూ వినేదాన్నని, ఆ రెండో పాట కోసమేనని. మీరు దండగన్న పాటేనా అన్నారు. ఈయన వైపు చూశాను. ఒక్క మాట అంటే చాలు. ఈయన గడపలో విడిచిన చెప్పుల వైపు చూస్తూ ఉండిపోయారు. నేను చెప్పింది నిజమైతే ఈయన ఊరంతా చెప్పుకున్నది అబద్ధం మరి.

విక్టర్ గారు భార్య వైపు తిరిగారు. ఇంత మంచావిడ వచ్చి అడిగాక ఇంకా కోపమేమిటి, సరే, మర్చిపోయాను, అన్నారు.

చెయ్యని తప్పుకి క్షమాపణ దొరికింది ఆవిడకి. నాకేమో మెచ్చుకోలు.

గేటు దాకా సుగుణ గారు ఒక్కరే వచ్చారు. నేను నమ్మానండి అన్నారు, నెమ్మదిగా. గడియ మీద చెయ్యి వేసి ఆగారు.

"ఆ రోజు నా ఉంగరం తగిలిందేమోనని మీ దగ్గరే కూర్చుని చెప్పుకున్నాను కదండీ."

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

24 ఆగస్టు

ఈయన ప్లేయరు మీద గుడ్డ కప్పేశారు. మాట్లాడుతున్నారు — షాపు, కూరలు, వర్షం. అది తప్ప అన్నీ.

రేపు సాయంత్రం సుగుణ గారి డ్యూటీ దిగే వేళకి ఆసుపత్రి దగ్గరికి వెళదామనుకుంటున్నాను. ఆవిడ ఆగుతారో లేదో. ఆగితే ఏమనాలో...