తమ్ముడి అడ్రసున్న ఫైలు

తాళాల షాపు నడుపుకునే నేను, మతి నిలకడగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా ఇష్టప్రకారం రాస్తున్న వీలునామా ఇది. నీకు మతి ఎప్పుడు నిలకడగా ఉందని మా బావ అడుగుతాడు. డాక్టరిచ్చిన కాయితం జతచేశాను, చదువుకోమనండి. దీన్ని అమలుచేసే బాధ్యత నా మేనకోడలిది.

1. ఇల్లు, షాపు, బ్యాంకులో ఉన్నది సర్వహక్కులతో మా ఆవిడకి. కిటికీ పక్కన ఉన్న నా కుర్చీ కూడా. కూర్చునే ముందు తడిమి చూసుకోనక్కర్లేదే, ఈసారి ఏమీ పెట్టలేదు.

2. నా నిచ్చెన మా బావకి. ఎలాగూ ఆయన దగ్గరే ఉంది, అడిగి అడిగి నా నోరు పడిపోయింది. రబ్బరు బల్లి కూడా ఆయనకే. దానికి ఆయన వేసిన గంతులు తల్చుకుంటే ఇప్పటికీ నవ్వాగదు.

3. షాపులో కంప్యూటరు, అందులో ఉన్న ఓపీఎంఎల్ ఫైలు మేనకోడలికి. నేను చదివే సైట్ల అడ్రసులన్నీ ఆ ఫైల్లో ఉన్నాయి. తాళాలవి ఒకచోట, నవ్వులాటవి ఇంకోచోట, ఒకదాని కింద ఒకటి. ఎవరు కొత్తగా ఏం రాసినా, ఫీడ్ రీడర్ అనే ప్రోగ్రాం ఆ అడ్రసులు చూసి తెచ్చిపెడుతుంది. ఒక రీడర్ మూతపడితే ఈ ఫైలు ఇంకోదాంట్లో ఎక్కిస్తే చాలు. నేను అలా మూడిళ్ళు మారాను.

4. అందులో ‘తమ్ముడు’ అన్న పేరు కింద ఒకే అడ్రసుంది. దాన్ని తీసేసే హక్కు ఎవరికీ లేదు. వాడు షాపు వదిలి ఓడలో వంటపనికి పోతానంటే, పో, మళ్ళీ ఈ గుమ్మం తొక్కకు అన్నాను. జీవితంలో వాడు నా మాట విన్నది ఆ ఒక్కసారే. అక్కణ్ణుంచి వాడు బ్లాగు రాసేవాడు. పొయ్యి గురించి, గాలి గురించి, పడుకోనివ్వని తోటి వంటవాడి గురించి. ఒక్కటీ వదలకుండా చదివాను. కింద కామెంట్లో మాత్రం నేను ఒక్క ముక్క రాయలేదు. ముందు వాడే పలకరించాలని నా పంతం. తర్వాత వాడు రాయడం మానేశాడు. ఫోను నంబరు కూడా లేదు.

మొన్న మేనకోడలు ప్రేమగా నా రీడర్ శుభ్రం చేసింది. రెండేళ్ళుగా ఉలుకూ పలుకూ లేనివన్నీ తీసేశా మావయ్యా అంది. వాటితో పాటు వాడూ పోయాడు. పాత ఫైలు దాచుంచాను కాబట్టి మళ్ళీ ఎక్కించుకున్నా. అమ్మాయీ, ఊరుకున్నవాళ్ళందరూ పోయినట్టు కాదే.

5. వాడు మళ్ళీ ఎప్పుడైనా రాస్తే, ఆ రోజే చదవాలి. చదివి, కింద బాగుందిరా అని నా పేరుతో రాయాలి. వాడు బదులిచ్చాకే నేను లేనని చెప్పాలి. ముందు చెప్పారో, బాగుందన్న మాట జాలిపడి అన్నారనుకుంటాడు. నిజంగానే బాగా రాసేవాడు వెధవ.

తేదీ: 19-06-2019

(సంతకం) తాళాల షాపాయన

నేను సంతకం పెడుతుంటే పక్కనుండి చూసిన సాక్షులు:
1. ఎదురు షాపు టైలరు
2. పై అంతస్తు నర్సమ్మ